ఎడమచేతి సాక్ష్యం

బంగారయ్య చెయ్యి బాగుపడిందన్న సంగతి తెలియనివాళ్ళు ఆ ఆదివారం సాయంత్రానికల్లా భవానీపూర్ కార్పొరేషన్ క్వార్టర్సులో ఒక్కరూ మిగల్లేదు. తెలుగు ఇళ్ళలో ప్రార్థన సంఘంవాళ్ళు చెప్పారు. బీహారీ ఇళ్ళకి కొళాయి దగ్గర ఆడవాళ్ళు చేరవేశారు. సందు మొగలో టీకొట్టు బెంగాలీ దాదాకి మాత్రం బంగారయ్యే స్వయంగా వెళ్ళి, గుప్పిట మూసి తెరిచి మరీ చూపించాడు. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదని అతని నమ్మకం. ఓ రెండు రోజులు దాచుకుని ఉంటే ఎంత బాగుండేదో తరవాత తెలిసొచ్చింది.

అతని పని తాడు పట్టడం. వీధికింది మురుగుకాలువలోకి ఒక మనిషి దిగుతాడు. ఆ మనిషి చంకలకింద కట్టిన తాడు రెండో కొస పైన ఇంకో మనిషి చేతిలో ఉంటుంది. బంగారయ్య తండ్రి శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఈ ఊరి కాలువల్లో దిగినవాడే. బంగారయ్య కూడా వయసున్నంతకాలం దిగి, మోకాళ్ళు మొరాయించాక తాడు పట్టాడు. అతని తాడుకి కట్టిన మనిషి లోపలే ఉండిపోవడమన్నది ఇంతవరకూ జరగలేదు. ఆ మాట తనంతట తాను చెప్పుకోడు, ఇంకొకరు చెబితే మాత్రం వద్దనడు. ఇప్పుడు ఆ తాడుకి దిగుతున్నది అతని అల్లుడు కూర్మయ్య.

దిగినవాడికి తెలివి ఉందో లేదో పైవాడికి ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలి. బీహారీ జట్టువాళ్ళు "హో" అంటే "హో" అని అరుచుకుంటారు. మామా అల్లుళ్ళిద్దరూ సంఘంలో వాళ్ళు కావడంతో వీళ్ళ పద్ధతి వేరు. పైనుంచి బంగారయ్య "కూర్మా!" అంటాడు. లోపలినుంచి "స్తోత్రం!" అని వస్తుంది. రాకపోతే ఇక మాటల్లేవు, లాగెయ్యడమే.

"మీ దేవుడికి గోతిలోంచి అరిస్తేగానీ ఇనిపించదేటి బావా?" అని నవ్వేవాడు బైరాగి. అతనిదీ అదే జట్టు. ఏ గుడికీ, ఏ గుంపుకీ చెందనివాడు. నోరు చెడ్డదేగానీ పనిలో వంక పెట్టడానికి లేదు.

బంగారయ్య ఎడమచెయ్యి చలికాలంనుంచే సరిగా లేదు. ముందు వేళ్ళు తిమ్మిరెక్కాయి, తరవాత పట్టు తప్పింది. అందరికంటే ముందు కనిపెట్టింది కూర్మయ్య. మామగారి మనసు నొప్పించడం ఇష్టంలేక చాలారోజులు నసిగి, ఎండలు తగ్గుతుండగా ఓ సాయంత్రం అడిగేశాడు.

"మావా, ఈ వానాకాలం తాడు బైరాగికి ఇచ్చీ. నువ్వు బురద తోడే బాల్టీలు సూసుకో."

"నాను ముసిలోణ్ణయిపోనానేటి?"

"అలాగ కాదు మావా. నాను దిగాలి గదా."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే బంగారయ్యకి మరీ కష్టమనిపించింది. ఆలోచిద్దాంలే అన్నాడు.

సరిగ్గా ఆ వారమే కోస్తానుంచి ఓ బోధకుడు వచ్చాడు. క్వార్టర్సు చివర ఖాళీగా పడివున్న గదే వీళ్ళ ప్రార్థన మందిరం. ఆయన నూనె రాసి, తలమీద చెయ్యి వేసి, గొంతు బొంగురుపోయేదాకా ప్రార్థన చేశాడు. బంగారయ్య చేతిలోకి వేడి పాకింది. గుప్పిట మూస్తే మూసుకుంది. పక్కనున్న కుర్చీని ఎడమచేత్తో ఎత్తి అందరికీ చూపించి, అప్పటికప్పుడు లేచి సాక్ష్యం చెప్పాడు. "నా సెయ్యి ప్రభువు బాగుసేసినాడు. ఓరి కూర్మా, ఈ వానాకాలం కూడా తాడు నాదే!" అన్నాడు. గదంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. అందరికంటే ముందు, కళ్ళనిండా నీళ్ళతో స్తోత్రం అన్నది కూర్మయ్య.

బంగారయ్య అబద్ధం చెప్పాడని ఎవరూ అనలేరు. ఆ పూట ఆ చెయ్యి నిజంగానే వెచ్చబడింది.

మంగళవారం తెల్లవారి లేచేసరికి చెయ్యి పక్కమీద ఎవరిదో పరాయిదానిలా పడివుంది. కుడిచేత్తో గిచ్చుకున్నాడు. తెలియలేదు. గోరు దిగేలా గిచ్చినా తెలియలేదు.

"ఏటి, సెయ్యికేసి అలా సూసుకుంతన్నావు?" అంది భార్య సన్యాసమ్మ.

"ఏటీ నేదు," అన్నాడు. ఇల్లాలికి అతను చెప్పిన మొదటి అబద్ధం అది కాకపోవచ్చుగానీ, అన్నిటికంటే బరువైనది మాత్రం అదే.

ఎవరికి చెప్పాలి? బోధకుడు హౌరాలో రైలెక్కి వెళ్ళిపోయాడు. ఆ సాక్ష్యం విని జట్టులోని పోలిరాజు సారా మానేసి, పెళ్ళాంపిల్లలతో సంఘంలో చేరాడు. చెయ్యి బాగవలేదంటే పోలిరాజు ఏమైపోతాడు? బైరాగి నోటికి ఇక తాళం ఎవరు వేస్తారు? దేవుడు చేశాడని పదిమందిలో కుర్చీ ఎత్తి చూపించినవాడు, దేవుడు చేయలేదని ఏ నోటితో చెబుతాడు? అది చాలదన్నట్టు క్వార్టర్సులో ఇంకో భయం తిరుగుతోంది. కాలువలకి యంత్రాలు వస్తున్నాయట, పని కంట్రాక్టర్ల పరం చేస్తారట, ఒంట్లో సత్తువ లేనివాళ్ళని ముందు పంపేస్తారట. ఎర్రజెండా యూనియన్ నాయకులు వచ్చి ఏమీ కాదు, కంగారుపడొద్దు అని చెప్పి వెళ్ళేవారు. వాళ్ళు అలా చెప్పి వెళ్ళిన ప్రతిసారీ జనానికి కంగారు ఇంకాస్త పెరిగేది.

బంగారయ్య ఎవరికీ చెప్పలేదు. దేవుడి పరువు కాపాడుతున్నాననుకున్నాడు. తాను తాడు పట్టినంతకాలం దేవుడే ఆ చేతిలో బలం నింపుతాడని, అనుమానిస్తే పాపమని తనకి తానే బోధించుకున్నాడు. అయినా తాడుకొసని నడుము చుట్టూ ఓ మెలిక తిప్పి, పైన గావంచా కప్పడం మొదలుపెట్టాడు. అంత విశ్వాసం ఉన్నవాడికి ఆ మెలిక ఎందుకో అతనే ఆలోచించుకోవాలి.

టీకొట్టు దగ్గర ఓ పొద్దున్న మట్టికప్పు చేతిలోంచి జారి పగిలింది.

"వేడి," అన్నాడు బంగారయ్య.

బైరాగి తన కప్పు మూతి దగ్గర పెట్టుకుని చూశాడు. టీ చల్లారిపోయి ఉంది. బంగారయ్య ముఖంకేసి చూసి, ఆ పూటకి ఎందుకో ఏమీ అనకుండా ఊరుకున్నాడు. ఎప్పుడూ వాగేవాడు అలా ఊరుకునేసరికి బంగారయ్య ఎడమచేతిని గావంచా కింద దాచుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. ఊరి ఉత్తరంవైపు ఎక్కడో కాలువలో దిగిన మనిషి తేలలేదన్న కబురు వచ్చింది. చచ్చిపోయింది మనవాడు కాదు, పేరు కూడా ఎవరికీ తెలియదు. అయినా ఆ రోజు క్వార్టర్సులో ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడుకోలేదు. బంగారయ్య ప్రార్థన రోజురోజుకీ పొట్టిదైపోయి చివరికి ఒక్క మాటకి వచ్చింది. చెయ్యి, ప్రభువా, చెయ్యి. అతనికి నిద్ర పట్టడం మానేసింది. తిన్నది ఒంటబట్టడం మానేసింది. చూసినవాళ్ళు మాత్రం బంగారయ్య భక్తి ముదిరిందని మెచ్చుకున్నారు.

ఆ శుక్రవారం తెల్లారకముందునుంచే కుండపోత. ట్రాములు నిలిచిపోయాయి. సందులో మోకాలిలోతు నీళ్ళు, నీళ్ళమీద చెప్పులు, కాయగూరల తొక్కలు, చచ్చిన ఎలకలు. ఓవర్సియర్ బాబు గొడుగేసుకుని వచ్చి, కింద ఎక్కడో అడ్డం పడింది, తీస్తేగానీ నీరు లాగదన్నాడు. గోతుల మూతలు తెరిచి లోపలి విషపుగాలి పోనిచ్చారు. జట్టుపెద్ద అయిన సర్దారు మనుషుల్ని రెండుగా చీల్చాడు. బైరాగినీ పోలిరాజునీ సందు ఆ చివరి గోతి దగ్గర వెదురు బద్దలతో పొడవమన్నాడు. ఈ చివర, నీళ్ళు ఎక్కని మెరకమీది గోతి దగ్గర మామా అల్లుళ్ళు.

కూర్మయ్య చొక్కా విప్పి, తాడు కట్టుకుని, ముడి బిగిస్తూ మామకేసి చూసి నవ్వాడు.

"సెయ్యి బాగుంది గదా మావా?"

అతని అడగడంలో అనుమానం లేదు. దేవుడు చేసిన మేలుని ఇంకోసారి మామ నోట వినాలన్న ముచ్చట మాత్రమే. చెప్పడానికి ఇంతకంటే మంచి అదను బంగారయ్యకి దొరకదు. సర్దారు అక్కడే ఉన్నాడు, బైరాగి కేకవేస్తే పలికేంత దూరంలో ఉన్నాడు. ఒక్క మాటతో పోయేది.

"దేవుడి దయ," అన్నాడు బంగారయ్య.

అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. భక్తి గలవాళ్ళ నాలికమీద ఇలాంటి మాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

కూర్మయ్య దిగాడు. ముందు అతని భుజాలు, తరవాత తల, చివరికి ఇనపమెట్టు పట్టుకున్న వేళ్ళు కనబడకుండా పోయాయి. సర్దారు ఓవర్సియర్ బాబు వెంట సందు మొగకి నడిచాడు. వాన వీపుమీద రాళ్ళలా పడుతోంది.

"కూర్మా!"

"స్తోత్రం!"

తాడు కొంచెం కొంచెంగా లోపలికి జారుతోంది. కుడిచేత్తోనే వదులుతున్నాడు. ఎడమచెయ్యి తాడుమీద ఊరికే ఆనివుంది, చూసేవాళ్ళ కోసం.

"కూర్మా!"

"స్తోత్రం! కదుల్తంది మావా!"

అడుగునుంచి బుడబుడమని శబ్దం. ఆ తరవాత గోతిలోంచి ఒక వాసన వచ్చింది. ఆ వాసన తెలిసినవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"కూర్మా!"

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఓరి కూర్మా!"

తాడు ఒక్కసారి బరువెక్కింది. రెండు చేతులతో గుంజాడు. ఎడమచెయ్యి తనంతట తానే తెరుచుకుంది. మళ్ళీ మూశాడు. మళ్ళీ తెరుచుకుంది. నడుముకున్న మెలిక బిగిసి, మనిషిని గోతి అంచుదాకా ఈడ్చింది. ఇనపచట్రానికి కాలు తన్నిపెట్టి, కుడిచేత్తో బిగబట్టి నిలబడ్డాడు. ఆ ఒక్క చేత్తో ఆపగలడు. లాగలేడు. కింద నీళ్ళు పెరుగుతున్నాయి.

"బైరాగీ! రారా! లాగాల!" అని కేకవేశాడు.

వానలో, నీళ్ళ హోరులో, సందు ఆ చివరనుంచి బైరాగి గొంతు నవ్వుతూ వచ్చింది. "దేవుడిచ్చిన సెయ్యుంది గదా బావా! నువ్వే లాగీ!" వాడికేం తెలుసు పాపం, బురద బాల్టీ అనుకున్నాడు.

బంగారయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇప్పుడు, ప్రభువా, ఈ క్షణంలో. ఇన్నాళ్ళూ అడిగినదంతా ఇప్పుడిచ్చెయ్యి. నీ పేరు నిలబెట్టుకో. అలా అడుగుతుండగానే అతనికి సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. తాను కాపాడుకుంటున్నది దేవుడి పేరు కాదు. కుర్చీ ఎత్తిన బంగారయ్య పేరు. దానికోసం కూతురి మొగుణ్ణి నీళ్ళలో ముంచుతున్నాడు.

కళ్ళు తెరిచి, గొంతు చీలిపోయేలా అరిచాడు.

"బైరాగీ! నా సెయ్యి బాగవ్వనేదురా! అబద్దం! సెయ్యి నేదు నాకు! నా కూర్మడు సచ్చిపోతన్నాడు, రారా!"

మేడమీది కిటికీలు తెరుచుకున్నాయి. భాష తెలియని బెంగాలీలు కూడా ఆ కేకకి బయటికి వచ్చారు. బైరాగి వెదురుబద్ద విసిరేసి, నీళ్ళు చీల్చుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, వెనకే పోలిరాజు. బైరాగి బంగారయ్య చేతుల ముందునుంచి తాడు అందుకున్నాడు, పోలిరాజు వెనకనుంచి. ముగ్గురూ కలిసి గుంజారు.

కూర్మయ్య నల్లటి బురదలో ముంచిన గుడ్డలా పైకి వచ్చాడు. కళ్ళు తెరిచే ఉన్నాయిగానీ చూపు లేదు. పోలిరాజు బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కాడు. నోట్లోంచి మడ్డి వచ్చింది. ఇంకా నొక్కాడు. చాలాసేపటికి ఎక్కడో లోతునుంచి ఒక మూలుగు వచ్చింది. ఆ కంపుకి టాక్సీవాడెవడూ ఆగకపోతే, చేపలబుట్టలు మోసే రిక్షాబండిలో వేసుకుని ఆసుపత్రికి తోసుకెళ్ళారు.

ఆసుపత్రి వరండాలో కూతురు అమ్మన్నమ్మ తడిచీరతో వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"అయ్యా, నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"సాచ్చెం సెప్పినాక వొచ్చిన మంగళారంనుంచి."

తిట్టి ఉంటే బాగుండేది. అమ్మన్నమ్మ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు అతని ముఖంమీద మెల్లగా మూసుకుంది.

బంగారయ్య గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. అల్లుడు బతుకుతాడో లేదో తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. కూతురు మళ్ళీ అయ్యా అని పిలుస్తుందో లేదో తెలియదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ ప్రార్థనకి తల వంచితే, ఎన్నాళ్ళనుంచో నోట్లో నానుతున్న ఆ ఒక్కమాట ఈసారి రాలేదు. చెయ్యి అడగబుద్ధి కాలేదు. నేనింతే ప్రభువా, అన్నాడు. ఇలాంటివాణ్ణే. అన్నాక కొంతసేపటికి తన ఊపిరి తనకి వినిపించింది. ఆ మంగళవారంనుంచి గుండెలమీద కూర్చున్నదేదో లేచి పోయింది. ఇంత పాపం చేసినవాడికి ఈ నెమ్మది ఏమిటని భయం కూడా వేసింది. అయినా అది పోలేదు, పక్కనే కూర్చుంది.

బైరాగి రెండు మట్టికప్పులతో వచ్చి, ఒకటి జాగ్రత్తగా అతని కుడిచేతిలో పెట్టాడు.

"ఆ పొద్దు టీ సల్లారిపోనాదని నాకు తెలుసు బావా," అన్నాడు. "నానైనా అడగాల్సింది. నవ్వులాటకి ఒదిలీసినాను."

ఇద్దరూ టీ తాగారు.

కూర్మయ్య బతికాడు. ఊపిరితిత్తుల్లోకి మురుగు వెళ్ళిందని, మళ్ళీ ఎప్పుడు పనికి పోగలడో, అసలు పోగలడో లేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. సర్దారు బంగారయ్య చేతిలోంచి తాడు తీసేసి చీపురు ఇచ్చాడు. అది ఎన్నాళ్ళుంటుందో సర్దారుకే తెలియదు. అల్లుణ్ణి ఇంటికి తెచ్చిన రోజున బంగారయ్య చూడ్డానికి వెళితే, కూర్మయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. బంగారయ్య కాసేపు గుమ్మంలో నిలబడి తిరిగి వచ్చేశాడు.

ఆదివారానికి ముందు సంఘపెద్ద గురవయ్య ఇంటికి వచ్చాడు. మంచివాడే. మంచివాళ్ళు చెప్పే సలహాలే ఒక్కోసారి మనిషిని ముంచుతాయి.

"బంగారయ్యా, జరిగిందేటో జరిగిపోనాది. గుంపులో మళ్ళీ ఎత్తకు. కొత్తగా వొచ్చినోళ్ళు తొట్రుపడతారు. అడిగితే, ఇస్వాసం తగ్గినాది, అందుకే సెయ్యి తిరగబెట్టింది అని సెప్పు. దేవుడి మీద మాట రాదు."

"నిజవే గదా," అంది సన్యాసమ్మ భయంభయంగా. "ఊరుకుందూ."

"నా ఇస్వాసం ఆ పొద్దెంతో ఈ పొద్దూ అంతే పెద్దయ్యా," అన్నాడు బంగారయ్య. "తగ్గింది సెయ్యే."

ఆదివారం గది నిండిపోయింది. వానకి కప్పు కారుతోంది, కింద తపేలాలు పెట్టారు. బైరాగి లోపలికి రాకుండా గుమ్మం బయట చూరుకింద బీడీ ఆర్పేసి నిలబడ్డాడు. గదికి అటుపక్క గోడ కూర్మయ్య ఇంటిది. ఒంటి ఇటుక గోడ. పక్కింట్లో దగ్గితే ఇక్కడ వినిపిస్తుంది. కూర్మయ్య దగ్గు మధ్యమధ్య వినిపిస్తూనే ఉంది.

సాక్ష్యాల సమయంలో బంగారయ్య లేచాడు.

"ఆ ఆదివారం నాను ఇక్కడ నిలబడి కుర్చీ ఎత్తినాను. ఆ పొద్దు ఎత్తగలిగినాను. మంగళారానికి సెయ్యి పోనాది. మీకు సెప్పనేదు. దేవుడి పేరు సెడిపోతాదని సెప్పనేదనుకున్నాను. కాదు. నా పేరు సెడిపోతాదని. నా అల్లుడు నా సాచ్చెం నమ్మి దిగినాడు. బైరాగి, పోలిరాజు రాకపోతే ఈ పొద్దు ఈ గదిలో శవపేటిక ఉండేది." ఎడమచెయ్యిని కుడిచేత్తో పైకెత్తి చూపించాడు. వదిలితే అది పక్కకి వాలిపోయింది. "నా సెయ్యి బాగవ్వనేదు. ఇక బాగవుద్దో నేదో తెలవదు. దేవుడు నన్ను ఒదిలీనేదని మాత్రం తెలుసు. ఇదే నా సాచ్చెం."

సాక్ష్యం అయ్యాక స్తోత్రం అనడం ఆనవాయితీ. ఎవరూ అనలేదు. గురవయ్య తల వంచుకున్నాడు. పోలిరాజు తన చేతులకేసి చూసుకుంటున్నాడు. సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తపేలాల్లో నీటిచుక్కల చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. గోడ అవతల దగ్గు కూడా ఆగిపోయింది.

బంగారయ్య ఒంటరిగా నిలబడి ఉన్నాడు. గోతి అంచున నిలబడి జవాబు రానప్పటి భయమే మళ్ళీ కాళ్ళలోంచి పైకి పాకింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే, అలవాటైన నోరు అలవాటైన మాటే పిలిచింది.

"కూర్మా!"

అందరూ అతనికేసి చూశారు. మనిషికి మతి పోయిందనుకున్నారు. గోడ అవతల మంచం కిర్రుమంది. ఎవరో లేవబోయి, దగ్గి, ఊపిరి కూడదీసుకున్నారు.

"స్తోత్రం," అన్నాడు కూర్మయ్య.